పవరు లేని కళ్ళజోడు

నా పేరు ఎలీషా. అవనిగడ్డ–బందరు బస్సులో కండక్టర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా గొంతు గురించి మా ఆవిడ ఆనందమ్మ తప్ప ఎవరూ ఫిర్యాదు చేయలేదు. "చల్లపల్లి దిగేవాళ్ళు!" అని అరిస్తే చల్లపల్లిలో దిగనివాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవారు. ఆదివారం మా చర్చిలో పాట ఎత్తుకునేదీ నేనే. అలాంటి గొంతు రెండేళ్ళ కిందట మూగబోయింది.

గొంతుకేమీ కాలేదు, మనిషికే ఏదో అయింది. పదకొండు రోజులు స్నానం లేదు. సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ గోడకి ఎన్ని పగుళ్ళున్నాయో ఇప్పటికీ చెప్పగలను. డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో మాత్రం, బస్సు నది మీద వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకునేవాణ్ణి. తెరిస్తే దూకేద్దామనిపించేది.

"ప్రార్థన నేను చేస్తాను. మీరు డాక్టరు దగ్గరికి పదండి," అంది ఆనందమ్మ. బందర్లో చూపించుకుంటే ఊరంతా నా ప్యాసింజర్లే. అందుకని తెలివిగా గుడివాడ ఎంచుకున్నాను. గుడివాడ బస్సులో కూడా కండక్టరు ఉంటాడన్న సంగతి నాలాంటి కండక్టరుకే తట్టలేదు.

ఆ కండక్టరు నరేంద్ర, మా డిపోనే. "ఏంటి బావా, గుడివాడెందుకు?" అన్నాడు.

"కళ్ళు చూపించుకుందామని," అనేశాను. ఆనందమ్మ మొహం కిటికీవైపు తిప్పుకుంది.

డాక్టరు గారు తీవ్రమైన డిప్రెషన్ అన్నారు. ఇదీ జబ్బేనని, మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. మాత్రలు తీసుకున్నాక, ఆడిన అబద్ధాన్ని పోషించాలి కదా, కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను.

"పవరెంతండీ?" అన్నాడు షాపతను.

"పవరు వద్దండీ."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. పిచ్చి డాక్టరు దగ్గర కూడా నన్ను అలా ఎవరూ చూడలేదు.

ఇక మొదలైంది నా కళ్ళ వైభవం. మా డ్రైవరు బంగార్రాజు వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. చూపుకి మంచిదని వారం వారం చేప తలకాయలు తెచ్చిచ్చేవాడు. పాస్టరు గారు నా కళ్ళ కోసం శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. నేను చేప తలకాయల పులుసు తిని, కళ్ళజోడు పెట్టెలో దాచిన మాత్ర వేసుకుని పడుకునేవాణ్ణి. నెలన్నరకి కాబోలు, ఒకరోజు "చల్లపల్లి!" అన్న నా అరుపు నాకే వినపడింది. బంగార్రాజు సంతోషం పట్టలేక హారన్ కొట్టాడు.

మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, "దేవుడు నా కళ్ళు బాగుచేశాడు," అన్నాను. అందరూ "అల్లెలూయా" అన్నారు. అప్పుడు కూడా నా ముక్కు మీద కళ్ళజోడు ఉంది. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆరాధన అయ్యాక కుట్టు మిషను కృపాకుమారి నా దగ్గరికి వచ్చి ఏడ్చేసింది. కూతురు హేమ ప్రైవేటు స్కూల్లో టీచరు. రెండు నెలలుగా మంచం దిగడం లేదట.

"గాలి సోకిందంటున్నారు అన్నయ్యా. డాక్టరుకి చూపిస్తే పిచ్చిదన్న పేరు పడిపోద్ది. మీ కళ్ళకి చేసిన ప్రార్థనే దానికీ చేయించండి. నిన్న, 'నేను లేకపోతే నీకు హాయి కదమ్మా' అంది."

నా అబద్ధపు సాక్ష్యం మీద ఒక పిల్ల ప్రాణం ఆధారపడింది.

వాళ్ళింటికి వెళ్ళాను. హేమ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళజోడు పెట్టె తెరిచి మాత్రలు బయటికి తీశాను. "ఇవి కళ్ళకి కాదమ్మా," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. కృపాకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరూ స్నానం మానేశారా మావయ్యా?" అంది హేమ, గోడతోనే.

"పదకొండు రోజులు."

"నాకు తొమ్మిది."

"అయితే సీనియర్ని నేనే."

నవ్వలేదు గానీ, ఇటు తిరిగింది. "బస్సులో అందరూ అడుగుతారు. నేను రాను."

"నన్ను అడగనీ. నేను చెప్తాను."

చెప్పడం తేలికే, చెప్పినట్టు చేయడమే కష్టం. మర్నాడు ముగ్గురం గుడివాడ బస్సెక్కాం. నరేంద్ర టికెట్ మిషను పట్టుకుని వచ్చాడు. "ఏం బావా, మళ్ళీ కళ్ళేనా?"

అవునంటే సరిపోయేది. పక్కన హేమ చున్నీ కొస మెలిపెడుతోంది. చల్లపల్లికి వాడే గొంతే తీశాను.

"కళ్ళు కాదు నరేంద్రా! నాకు డిప్రెషన్. రెండేళ్ళుగా గుడివాడలో మానసిక వైద్యుడి మందులు వాడుతున్నా."

బస్సంతా నా వైపు తిరిగింది. నరేంద్ర తడబడి, "మరి పాపకి?" అన్నాడు.

"దానికి కళ్ళు..." అంది కృపాకుమారి గభాల్న.

"కాదమ్మా," అంది హేమ. "నేనూ ఆ డాక్టరు దగ్గరికేనండీ."

నరేంద్ర ఆడవాళ్ళిద్దరికీ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టిచ్చాడు.

బస్సు అదే వంతెన ఎక్కింది. చూస్తే, హేమ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఎందుకో అడగాల్సిన అవసరం నాకు లేదు. నేను మాత్రం కళ్ళు తెరుచుకుని అవతలి గట్టు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను. వచ్చాక, స్టాపు పేరు చెప్పినట్టే చెప్పాను.

"దాటేశామమ్మా. కళ్ళు తెరువు."