చీకటి సినిమాలో నీలం

నేను సూపర్ హీరో సినిమాలు చూడడం మొదలుపెట్టింది రిటైరయ్యాక. మొదట్లో హాల్లో ఏసీ కోసం వెళ్ళాను. తర్వాత అలవాటైంది. ఉద్యోగమంతా ఒక ప్రెస్సులో అచ్చు రంగులు సరిచూస్తూ గడిపినవాణ్ణి కాబట్టి, నాకు కథ కంటే ముందు రంగు కనబడుతుంది. చూసిన ప్రతి సినిమా గురించీ డైరీలో రాసేవి ఇవే: రంగు, ధోరణి, చివరికి ఊరు మిగిలిందా లేదా.

నాకు తోడు వచ్చేది మిత్రుడు. పత్తర్‌గట్టి వెనక మా గల్లీలో అతనికి పాల దుకాణం ఉంది. గల్లా పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, తన చేత్తో కొలిచి పోస్తేనే పాలు అమ్మినట్టు అతని లెక్క. కొడుక్కి పాకెట్లు, పెరుగు డబ్బాలు మాత్రం అప్పగించాడు.

ఈ సినిమాల్లో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో హీరో రంగురంగుల బట్టలేసుకుని, దెబ్బలు తింటూ కూడా జోకులేస్తాడు. రెండోదాంట్లో ఎప్పుడూ వాన పడుతుంటుంది, హీరోకు పుట్టెడు దుఃఖం, ఎవరూ లైటు వెయ్యరు. కొన్నేళ్ళుగా మేము చూసినవి ఎక్కువగా రెండో జాతివే. ఒకదానికి నేను రాసుకున్నది: "రంగు: నలుపు. ధోరణి: తద్దినం. ఊరు: కొంత మిగిలింది."

మిత్రుడికి ఈ జాతి మీద కోపం.

"గీ సినిమా తీసినోనికి కరెంటు బిల్లు భయమా ఏందన్నా? ఎవడు ఎవన్ని గుద్దుతుండో సమజైతలేదు."

"గది స్టైలు. దుఃఖం చూపెట్టనీకి."

"దుఃఖమైతే లైట్లు బంద్ జేస్తరా? మా అమ్మ పోయిననాడు గల్లంత ట్యూబులైట్లు పెట్టిచ్చిన."

సినిమాలు నిజంగానే చీకటిగా ఉండేవి. కాబట్టి అతను అన్నప్పుడల్లా ఔననేవాణ్ణి. అదే రోజుల్లో దుకాణంలో పాలు కొలత దాటి గట్టు మీదికి పొర్లుతున్నాయి. "ఇగ నువ్వు దిగు బాపు, నేను పోస్త" అని కొడుకు గిన్నె పట్టుకుని నిలబడుతున్నాడు. ఈ రెండూ ఒకటే సంగతని నాకు తట్టలేదు.

తర్వాత మొదటి జాతి సినిమా ఒకటి వచ్చింది. హాల్లో నవ్వులే నవ్వులు. తెర మీద మిఠాయి కొట్టంత రంగులు. హీరో భుజాల నుంచి ఎర్రటి వస్త్రం వేలాడుతోంది. నేను ప్రెస్సులో ఉండగా అంత శుద్ధమైన ఎరుపు పడితే ఆ షీటును పక్కన దాచేవాణ్ణి.

"ఇది గూడ చీకటే గదన్నా," అన్నాడు మిత్రుడు. "వీడు సూడు, మట్టిగొట్టుకపోయిన దుప్పటి కప్పుకున్నడు."

ఇంటర్వెల్‌లో అతణ్ణి బయట అదే హీరో నిలువెత్తు బొమ్మ ముందుకు తీసుకుపోయాను. పైన మంచి లైట్లున్నాయి.

"వీని గుడ్డ ఏం రంగు?"

"గోధుమ."

పాప్‌కార్న్ బకెట్ పట్టుకుని పోతున్న ఒకాయన ఆగి, "లాల్ హై చాచా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మిత్రుడు ఆ బొమ్మను చేత్తో తడిమాడు. తర్వాత నా మీద లొల్లికి దిగాడు. తన కళ్ళకు ఏమీ కాలేదట. సినిమావాళ్ళు రంగులు మారుస్తున్నారట. లోపలికి వెళ్ళి రెండో సగం చూశాం. ఊరు మిగిలింది.

ఆటోలో అసలు సంగతి చెప్పాడు.

"మోతిబిందు అని నాకెరికే. పట్టీ గట్టి ఇంట్ల కూసోబెడ్తరు. నా పోరడు పీట ఎక్కుతడు. ఎక్కినోడు దిగుతడా అన్నా?"

అతని భయం కంట్లో శుక్లాల గురించి కాదు, ఆ పీట గురించే. ఆలోచించి ఒక ఏర్పాటు చెప్పాను. అతను ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చేదాకా పీట మీద నేను కూర్చుంటాను. పాలు కొడుకు నిలబడి పోస్తాడు.

అట్లాగే జరిగింది. డాక్టరు అతణ్ణి దుమ్ముకు దూరంగా ఉండమన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం పీట మీద కూర్చున్నాను. కొడుకు మొదటిరోజు, "పెద్దనాయినా, ఏమన్న పని చేస్తవా, గిట్లనే కూసుంటవా?" అని అడిగాడు. గిట్లనే కూర్చుంటానన్నాను. నల్లద్దాలు పెట్టుకుని మిత్రుడు వచ్చిననాడు లేచి పీట అప్పగించాను. అతను మొదటి లీటరు పోశాడు. గట్టు తడవలేదు. కొడుకు ఆ గట్టు వంక చూసి పెరుగు డబ్బాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం రెండో జాతి సినిమాకు వెళ్ళాం. రాత్రి, వాన, హీరోకు దుఃఖం. మామూలే.

"అన్నా, గిది నలుపు కాదే," అన్నాడు మిత్రుడు. "నీలం!"

"ఏది?"

"అంత! గోడ నీలం, వాన నీలం, వాని కోటు గూడ. మస్తుగున్నది. గా మూలకు ఒకడు కత్తి వట్టుకోని నిలవడ్డడు, కనవడ్తలేడా?"

చూశాను. మూల కనబడింది. మనిషి కనబడలేదు. మిగతాదంతా నలుపే, కొంచెం టీ డికాక్షన్ కలిసిన నలుపు.

"స్టైలు," అన్నాను.

"ఏం స్టైలు! సోమారం నాతోని దవాఖానకు రా. నీ పీట నేను కాస్త."

"నాకు పీట యాడిది?"

"సోఫా ఉన్నది గద."

ఇంటికి వచ్చి డైరీ తీశాను. ప్రెస్సులో ఎవరి మాట మీదా రంగు రాయలేదు. ఆ రోజు రాశాను: "రంగు: నీలం, మిత్రుడు చెప్పిన ప్రకారం. ధోరణి: తద్దినం. ఊరు: మిగిలింది. సోమవారం దవాఖాన."