తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం

మొన్న మా మనవడు ఫ్రెంచి విప్లవం మీద ప్రాజెక్టని ఫోన్లో బొమ్మలు వెతికి, జిరాక్సు షాపులో రంగుల్లో తీయించి, అరగంటలో అట్టకు అతికించి చేతులు దులుపుకున్నాడు. ఆ అట్ట చూస్తుంటే నాకు జమ్మికుంట నుంచి వచ్చి, మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిల కాలనీ పక్క హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరిన తొలి ఏడాది గుర్తొచ్చింది.

ఫ్రెంచి విప్లవం పాఠాన్ని తొమ్మిదో తరగతి పిల్లలతో నాటకంగా ఆడించాలని నా పట్టుదల. పోర్షన్ కాకముందే ఈ వేషాలేమిటని హెడ్మాస్టరు గారు విసుక్కున్నా, పొద్దున ప్రార్థనకు ముందు గంటసేపు నాకు వదిలేయమని మొండికేసి ఒప్పించాను. ముందు బెంచీల్లో కూర్చునే ఆఫీసర్ల, షావుకార్ల పిల్లలను ప్రభువులను చేశాను. మా చర్చి పాస్టరు గారి అమ్మాయిని మతగురువుల వైపు నిలబెట్టాను. వెనక బెంచీలన్నీ కలిపి ఆకలితో అలమటించే జనం. ఎంత తేలిగ్గా కుదిరిందోనని నన్ను నేనే మెచ్చుకుంటుండగా, బాయి కార్మికుడి కూతురొకతి లేచి నిలబడింది.

"టీచర్, రోజు మమ్ముల ఎన్కనే కూసోవెడ్తరు. నాటకంల గూడ గంతేనా?"

నాకు ఒళ్లు మండింది. కూర్చోమని కసిరాను. ఆ పిల్ల కూర్చోలేదు. అప్పుడు తరగతంతా కలయజూస్తే, ఎవరి వేషానికీ ఎవరూ కదలనక్కర లేకుండా ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు చాక్‌పీసుల డబ్బాలో చీటీలు వేసి తీయమన్నాను. షావుకారు కొడుక్కి రైతు వేషం వచ్చింది, వాడు తెగ సంబరపడ్డాడు. ఆ పిల్ల మాత్రం డబ్బాలో చెయ్యి పెట్టలేదు.

"నాకు చీటీ వద్దు టీచర్. రాజు దగ్గరికి రొట్టెలడగవొయ్యే ఆమెను నేనే ఐత. కని నా ఇష్టంతోటి ఐత."

గుంపులుగా కూర్చుని రాజుకు ఫిర్యాదులు రాయమంటే, ఆమె గుంపు రొట్టెలు, పన్నులు అన్నీ రాసి, చివర వారానికోసారి బెంచీలు మార్చాలని చేర్చింది. వరండాలోంచి చూస్తున్న హెడ్మాస్టరు గారు, గట్లయితే హాజరెట్ల తీస్తవమ్మా అని పరేషానయ్యారు. బెంచీలూ మారుస్తాను, హాజరూ తీస్తాను సార్ అని అందరి ముందే మాటిచ్చాను. రిటైరయ్యేదాకా, తర్వాత బదిలీ మీద వెళ్లిన జైనూర్‌లో పిల్లలు చాపల మీద కూర్చునే బడిలో కూడా, సోమవారం సోమవారం వరసలు మార్చాను.

ఇప్పుడు ర్యాంకులను బట్టి సెక్షన్లు విడదీస్తున్నారు, మనమూ సరేనని తలూపుతున్నాం. ఎక్కడో ఒక పిల్ల లేచి అడుగుతూనే ఉంటుంది, కూర్చోమని కసిరే టీచరూ ఉండే ఉంటుంది. నా తరగతిలో లేచిన పిల్ల కూర్చోలేదు కాబట్టే నేను టీచరునయ్యాను.