సున్నా వేసిన స్టేషన్

దయ్యాల కబుర్లు మొదలైతే టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే దీన్ని దయ్యమనో మరొకటనో అనకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసులో పనిచేసేదాన్ని. గంజాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్రలు మీ ఏరియాలో ఎంతగా దొరుకుతున్నాయని పోలీస్ స్టేషన్లకు ఫారాలు పంపేవాళ్లం. వచ్చిన జవాబులు చదివి రిపోర్టు రాయడం నా పని. ఎవరైనా సున్నా వేస్తే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. మాట్లాడినవారి హోదా, టైము రిజిస్టర్‌లో ఎక్కించాలి.

ఎల్బీనగర్ వైపు ఒక స్టేషన్ అన్నిటికీ సున్నా వేసింది. మన్సూరాబాద్‌లోని మా ఇల్లు ఆ స్టేషన్ కిందికే వస్తుంది. మంచిచోట ఉన్నామని మురిసిపోయాను కూడా. ఒక బంద్ రోజు మధ్యాహ్నం మొక్కుబడిగా ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి, స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌నన్నాడు. సున్నా ఖాయమేనా అని అడిగాను.

"సున్న అంటే లేవని కాదు బిడ్డా. మేమంతా బందోబస్తుల ఉన్నం. దేవులాడకుంటే ఏం దొరుకుతది?" అన్నాడు. ఆ వెంటనే, "మీ చెల్లెను అడిగినవా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు. నాకు చెల్లెలుందని నేను చెప్పనే లేదు. రిజిస్టర్‌లో రెండూ పది, రైటర్ అని రాసి బయటపడ్డాను. బస్సుల్లేవు. ఇంటిదాకా నడిచాను.

మా చెల్లెలు పద్మ గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. ఉద్యమంలో నోటిఫికేషన్లు ఆగిపోయాయి. పగలు పడుకుంటే రాత్రంతా చదివిందేమో అనుకునేవాళ్లం. ఆ రోజు ఎంత తట్టినా తలుపు తీయలేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా ఇంటి ఓనరుగారు, "కంగారు పడకమ్మా, నేను చూస్తాను" అంటూ గడియ విరగ్గొట్టారు. పరుపు కింద ఖాళీ నిద్రమాత్రల అట్టలు దొరికాయి. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని దవాఖానలో డాక్టర్ అన్నారు.

పద్మ కోలుకున్నాక, ఫోన్‌లో మాట్లాడిన ఆ పెద్దాయనకు దండం పెట్టుకుందామని స్టేషన్‌కు వెళ్లాను. రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగి, ఆ బంద్‌కు వారం ముందు నుంచే ఫోన్ పనిచేయలేదని కానిస్టేబులమ్మ చెప్పింది. ఆ రోజు రైటర్ కూడా బందోబస్తులోనే ఉన్నాడట. ఆయనను పిలిపించింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

రిపోర్టులో సున్నా తీసేసి, వెతకలేదు అని రాశాను.

ఆ ఫోన్ ఎవరు ఎత్తారో నేటికీ తెలియదు. తెలియకపోయినా సర్దుకున్నాను. ఒకే కంచంలో తిన్న చెల్లిని ముందుగా నేను అడగలేదన్న దానితో మాత్రం సర్దుకోలేకపోతున్నాను.