అన్న మంచానికి కాపలా

నిన్న మధ్యాహ్నం నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. డ్రైవర్ బాబాయ్ పోయారని సిస్టర్ చెప్పింది. జబ్బుపడి పెద్దాసుపత్రిలో ఉన్నది వాళ్ళన్న. పోయింది ఈయన. నమ్మలేక మళ్ళీ అడిగాను. "తమ్ముడేనమ్మా. పొద్దున లేపితే లేవలేదు. అన్నగారి మంచం మీదే పోయారు" అంది.

ఆయన మాకు చుట్టం కాదు. కడప జిల్లా మనిషి, మాజీ సిపాయి, ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, ముఐథర్ అనే పేటలో ఒకరింట్లో డ్రైవర్. మేముండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటకి ఏదో పని మీద వచ్చి, కింద కొట్లో నేను పిల్లల్ని తెలుగులో కసురుతుంటే విని పలకరించారు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా ఇంటికి వచ్చేవారు. నా మీద అభిమానం కొంత, మా ఫోన్ మీద అభిమానం మరికొంత. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళన్న ఉండే నర్సింగ్ హోమ్‌కి ఫోన్ కలిసేదాకా టీ ముట్టేవారు కాదు. ఈలోపు మా సోఫా మీద దుప్పటి నలిగి కనిపిస్తే ఊరుకోలేక మూలలు మడిచి బిగించేవారు. "ఇన్‌స్పెక్షన్ ఉందా బాబాయ్" అని మావారు వేళాకోళం చేసేవారు.

వాళ్ళన్న కూడా సిపాయే. యుద్ధంలో వెన్నుకి దెబ్బ తగిలి నడుము కింద చచ్చుబడిపోయింది. పెళ్ళి కాలేదు. మన దేశంలో మాజీ సైనికుల నర్సింగ్ హోమే ఆయనకి ఇల్లు. అయితే ప్రభుత్వం ఇన్ని మంచాలకే డబ్బిస్తానని హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిన గదులకి తాళాలు వేశారు. బయట ఎదురుచూసేవాళ్ళు బోలెడంతమంది. అందుకని ఏ మంచమైనా వరసగా కొన్ని రాత్రులు ఖాళీగా ఉంటే తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. ఆసుపత్రికి వెళ్ళినా అంతే. తిరిగొచ్చాక మళ్ళీ వెనక నిలబడాలి.

బాబాయ్‌కి ఈ భయం తప్ప ఇంకో ధ్యాస ఉండేది కాదు. ఫోన్ కలవగానే అన్న ఎలా ఉన్నాడని అడిగేవారు కాదు. "మా అన్న మంచం ఉండాదా సిస్టరమ్మా?" అనేవారు. ఉందన్నాక కళ్ళు మూసుకుని ఊపిరి వదిలేవారు.

"దేశం కోసం దెబ్బతిన్న మనిషిని వెళ్ళిపొమ్మంటారా బాబాయ్?" అన్నాను ఒకసారి, ధైర్యం చెబుదామని.

"పొమ్మనరు మ్మా. మంచం ల్యాదంటారు, అంతే. ఆ మాట కోపంగా గూడా చెప్పరు."

మర్యాదగా చెప్పే మాటకి ఎవరితో పోట్లాడతాం? నా మొహం చూసి ఆయనే, "భయం మంచిదే మ్మా, ధైర్యం ఉండేవాడు ముందు నిద్రపోతాడు" అని నవ్వించారు.

ఈమధ్య అన్నకి న్యుమోనియా వచ్చింది. ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చాలని సిస్టర్ ఫోన్‌లో చెప్పింది. బాబాయ్ చేర్చమన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "కాపలా పోస్టు ఖాళీగా ఇడిసిపెట్టకూడదు మ్మా. నేను పోయి పండుకుంటా. నేనూ సిపాయినే గదా" అన్నారు.

హాస్యమనుకున్నాను. కాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, ఆయన సంతకం లేనిదే దేశం దాటలేరు. "మీ అన్న చనిపోతున్నాడా?" అని యజమాని అడిగాడట. "మౌత్ మాఫీ" అన్నారట ఈయన, చావు లేదని. మరెందుకు వెళ్ళడం అంటే, మంచం సంగతి అరబీలో చెప్పడం చేతకాక, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకున్నట్టు చూపించారట. పక్కనున్న మేడమ్ నవ్వి, భర్తతో సంతకం పెట్టించింది.

బయల్దేరే ముందు మా ఇంటికొచ్చారు. మెట్ల మధ్యలో ఆగి ఆయాసపడుతుంటే చూసి, డాక్టర్‌కి చూపించుకోమన్నాను. "అన్న మంచానికి రానీ మ్మా, సూపిచ్చుకుంటా" అన్నారు.

నర్సింగ్ హోమ్ సూపరింటెండెంటు కూడా పాత సైనికుడే. మంచంలో మనిషి మారాడని చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడట. బాబాయ్ ఫోన్ చేసి, "మంచం ఉండాది మ్మా, మంచంలో నేనుండా" అన్నారు. ఆయన గొంతులో అంత నెమ్మది నేను ముందెప్పుడూ వినలేదు.

నిన్న సిస్టర్ చెప్పిందంతా విన్నాక, ఏడుపు ఆపుకుని మంచం సంగతి అడిగాను. మనిషి పోయిన మంచం ఖాళీ కిందే లెక్కట. లెక్క చూసే అధికారి ఆ సాయంత్రమే వస్తాడట. అన్నగారికి కాస్త తగ్గింది, రేపో ఎల్లుండో తీసుకొస్తారు. తమ్ముడి సంగతి ఆయనకింకా చెప్పలేదట. వచ్చాక ఆయనకి చోటుంటుందా అని అడిగాను.

అప్పుడు సిస్టర్ గొంతు తగ్గించింది. శవాన్ని తీయగానే, ఎవరూ చెప్పకుండానే, పక్క మంచం ఆయన చక్రాల కుర్చీలోంచి చేతుల మీద పాకి ఆ మంచం ఎక్కాడట. ఆయన అలిసిపోతే ఇంకొకరు. ఇప్పుడు చూపు లేని ముసలాయన ఒకరు దుప్పటి కప్పుకుని కూర్చున్నారని చెబుతూ ఆగిపోయింది. ఫోన్‌లో వరండా మీద బండి చక్రాల చప్పుడు వినిపించింది. అధికారి వెంట కొత్త రోగిని తెస్తున్నారో, మందుల బండో నాకు తెలియదు.

"థమ్. కౌన్ ఆతా హై?" ఆగు, ఎవరు వచ్చేది అని, పోస్టు మీద సిపాయి అడిగినట్టే ఆ ముసలి గొంతు గట్టిగా అడిగింది.

చక్రాలు దగ్గరికి వస్తూనే ఉన్నాయి.