దూకుడు కట్ట

ప్రెస్సులో అందరూ ఆమెను కత్తెరక్క అనేవాళ్లు. నిజానికి ఆమె చేతిలో కత్తెర ఏనాడూ లేదు. ఆమెది మనిషి ఎత్తున్న కాగితం కోత మెషీన్. అయిదు వందల కాగితాల దొంతరను అరచేతులతో తట్టి, అంచులు సమం చేసి, బ్లేడు కిందికి తోసి, రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. రెండు చేతులూ మీటల మీద ఉంటే తప్ప బ్లేడు దిగదు. వేళ్లు తెగకుండా చేసిన ఏర్పాటు అది. పంతొమ్మిదేళ్లు ఆ మెషీన్ ముందు నిలబడ్డా ఆమె గోరు కూడా చెదరలేదు.

నలభై మూడో ఏట ఎడమచేతి బొటనవేలు మాట వినడం మానేసింది. నొక్కాననే అనుకునేది, బ్లేడు దిగేది కాదు. మెషీన్ పాడైందని మెకానిక్‌ను రెండుసార్లు కడిగిపారేసింది. మూడోసారి అతను వచ్చి తనే నొక్కి చూపించాడు. బ్లేడు చక్కగా దిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నరాల జబ్బని డాక్టరు తేల్చాడు. కండరాలకు అందాల్సిన కబురు ఒక్కొక్కచోటే ఆగిపోతుందట. చేతులు, కాళ్లు, మాట, మింగడం, ఆఖరికి ఊపిరి.

"మందు లేదా?" అని తమ్ముడు అడిగాడు.

"నెమ్మది చేసే మందుంది. ఆపే మందు లేదు."

"ఎన్నాళ్లు?" అని ఆమే అడిగింది.

"రెండేళ్లు. కొందరికి మూడు. తెలివి మాత్రం చివరిదాకా ఇలాగే ఉంటుందమ్మా." ఓదార్పుగా ఉంటుందనుకుని ఆ ఆఖరి మాట కలిపాడు డాక్టరు. ఇంటికొచ్చేదాకా ఆమెను తొలిచింది ఆ మాటే.

పెళ్లి వద్దనుకుని ఒంటరిగా ఉండిపోయిన మనిషి. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. అక్క గది ఖాళీ చేయించి, తనూ భార్యా ఉండే రెండు గదుల ఇంటికి తీసుకొచ్చేశాడు. మరదలు బట్టల షాపుల నుంచి ప్యాంట్లు, జాకెట్లు తెచ్చుకుని ఇంట్లోనే కుదించి ఇస్తుంది. పదకొండేళ్లుగా ఈ ఆడబిడ్డా మరదళ్ల మధ్య నడిచిన మాటలన్నీ "తిన్నారా", "తిన్నాను" అన్నంతవరకే. కొట్లాట ఏమీ లేదు. ఇష్టమూ లేదు.

సామాన్లతో పాటు ఒక రేకు పెట్టె వచ్చింది. అందులో కార్డులున్నాయి. పేకముక్కలు కావు. జంతువులు, మంత్రాలు, కోటగోడలు అచ్చేసిన కార్డులు, జనం కొనుక్కుని, మార్పిడి చేసుకుని, అరవై ఏరి ఒక కట్టగా పేర్చుకుని ఎదుటివాడితో తలపడే ఆట. ఇద్దరికీ చెరో ఇరవై ప్రాణాలు. ముందుగా ఎవరివి సున్నా అయితే వాళ్లు ఓడినట్టు. ఇరవై అయిదేళ్ల వయసులో ఆమెకు ఆ ఆటే లోకం. ఆమె కట్టలో గోడలుండేవి కావు. చిన్న చిన్న తోడేళ్లు, వాటి వెనకాల నిప్పు కార్డులు, అంతే. మొదటి చుట్టు నుంచి ఉన్నవన్నీ ఎదుటివాడి మీదికి తోలేసేది, తనను కాచుకోవడానికి ఒక్కటీ మిగుల్చుకునేది కాదు. అయిదో చుట్టుకల్లా గెలుపో ఓటమో తేలిపోయేది. దాన్ని దూకుడు కట్ట అనేవాళ్లు, ఆమెను మంట అని పిలిచేవాళ్లు. తరవాత ఆట తయారుచేసేవాళ్లు కొత్త గోడలు, పోయిన ప్రాణాలు తిరిగిచ్చే కార్డులు తెచ్చారు. దూకుడు కట్టలు ఒక్కొక్కటే చతికిలబడ్డాయి. రెండేళ్లు వరసగా ఓడిపోయి, ఒకరోజు కోపంతో పెట్టె మూసేసింది.

ప్రెస్సు మానేసిన రెండో నెలలో, పగలంతా గోడ చూస్తూ కూర్చున్న అక్కను చూడలేక తమ్ముడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఒకప్పుడు ఈ ఆట ఆడిన షాపుకు తీసుకెళ్లాడు. షాపాయన జుట్టు నెరిసింది కానీ మనిషిని మరిచిపోలేదు. "మంటమ్మా! బతికే ఉన్నావా?" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ ప్రశ్నకు తమ్ముడి మొహం మాడిపోయింది. ఆమె మాత్రం నవ్వి, "ప్రస్తుతానికి" అంది.

అరువు కట్టతో ఆడింది. ఇప్పుడందరూ ఆడేవి గోడ కట్టలే. ఒక్కో ఆట యాభై నిమిషాలు సాగుతుంది. పావుగంట దాటాక ఆమె వేళ్లు వదులైపోసాగాయి. నలభయ్యో నిమిషంలో చేతిలో కార్డులన్నీ బల్ల మీద జారి వెల్లకిలా పడ్డాయి. ఎదురుగా ఉన్న పెద్దమనిషి మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

దారిలో తమ్ముడితో అంది. "ఒరేయ్, నా దగ్గర పావుగంటే ఉందిరా. పావుగంటలో తేలిపోయే ఆట కావాలి నాకు."

మర్నాడే రేకు పెట్టె తెరిచింది. పాత కట్టను పేర్చింది గానీ దాన్ని పరీక్షించడానికి ఎదురు మనిషి కావాలి. తమ్ముడు పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాడు. ఇంట్లో మిగిలింది మరదలే.

"అమ్మాయ్, గంటసేపు ఆ కుట్టు మిషన్ ఆపగలవా?"

"నాకు రాదు వదినగారూ."

"రాకపోతేనే మేలు. గోడల వెనక దాక్కోవడానికి చదువేం అక్కర్లేదు."

మరదలికి అది గుచ్చుకుంది. వారం తిరిగేసరికి ఆమె గోడ కట్టను ఎంత పకడ్బందీగా ఆడిందంటే, ఇరవై రెండు ఆటల్లో కత్తెరక్క గెలిచింది మూడే. గోడ లేచినప్పుడల్లా దాని మీద నిప్పు పోసి, కూల్చి, తోడేళ్లకు దారి చేసుకోవడం పాత రోజుల పద్ధతి. ఇప్పటి గోడలు ఆ నిప్పుకు కూలవు. కూలినా వెనకాల ఇంకొకటి లేస్తుంది.

ఒకనాడు మరదలు ఒళ్లోని ప్యాంటు అంచు కుట్టడం మధ్యలో ఆపి, ఎడమచేత్తో కార్డులు తిప్పుతూ, విసుగ్గా అంది. "ఎందుకు వదినగారూ ఆ గోడను పట్టుకుని చావగొడతారు? అదేం చేసింది పాపం? మొదటి మూడు చుట్లు నా దగ్గర గోడ లేదు కదా, అప్పుడే తోడేళ్లు సగం తినేశాయి నన్ను. మిగతా నిప్పంతా నా నెత్తిన పొయ్యండి."

కత్తెరక్క కార్డులు కింద పెట్టి మరదలి వంక అలాగే చూసింది. ఇరవై ఏళ్ల కిందట తనకు గానీ, తనను ఓడించినవాళ్లకు గానీ తట్టని మాట, సూది నోట్లో పెట్టుకుని చెప్పేసిందీ పిల్ల.

అక్కణ్నుంచి పని ఊపందుకుంది. గోడల్ని కూల్చే కార్డులన్నీ తీసేసింది. తన ప్రాణాలు రెండు వదులుకుని ఎదుటివాడివి మూడు తీసే కొరివి అనే పాత కార్డును, ఎవరూ ముట్టనిదాన్ని, నాలుగు వేసుకుంది. మూడు నెలలకు, పది ఆటల్లో ఆరు ఆమెవే. ఈలోగా ఎడమచెయ్యి పూర్తిగా పోయింది. తమ్ముడు లిఫ్టు తలుపుల కింద వేసే రబ్బరు పట్టీ ఒకటి తెచ్చి, గాడి కోసి, కార్డులు నిలబెట్టుకునే స్టాండు చేశాడు. కుడిచేతి చూపుడువేలితో ఏ కార్డో చూపిస్తే మరదలు తీసి పెట్టేది. అన్నం కలిపి పెట్టేదీ, స్నానం చేయించేదీ కూడా ఆమే. స్నానాల గదిలో మాటలు ముందుగా మారాయి. మీరు పోయి నువ్వు వచ్చింది, వదినగారు వదిన అయింది.

పెద్ద పోటీ ఒక హాల్లో జరిగింది. నూట ఇరవై మంది ఆటగాళ్లు వచ్చారు. స్టాండుకు అనుమతి ఇచ్చారు. కార్డులు తీసిపెట్టడానికి మరదలు పక్కన ఉండొచ్చన్నారు. అయితే ఆమె నోరు విప్పకూడదు, ఏ కార్డు అన్నది ఆటగత్తె తనే స్పష్టంగా చెప్పాలి, లేదా వేలితో చూపించాలి. న్యాయమైన షరతే. పక్కవాళ్లు సలహాలిస్తే ఆటకు అర్థమేముంది?

మొదటి ఆట పదకొండు నిమిషాల్లో గెలిచింది. రెండోది తొమ్మిదిలో. దూకుడు కట్ట ఎవరో మళ్లీ ఆడుతున్నారని గుసగుస మొదలైంది. మూడు, నాలుగు కూడా గెలిచేసరికి బల్ల చుట్టూ జనం మూగారు. షాపాయన కుర్చీ ఎక్కి చూస్తున్నాడు. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. మరదలు ఆమెను అంత అందంగా ఎప్పుడూ చూడలేదు.

అయిదో ఆటలో ఎదురుగా కూర్చున్నది ఒక బ్యాంకు గుమస్తా. నున్నగా దువ్విన తల, మెత్తటి మాట. నాలుగు ఆటలూ చూసి వచ్చినవాడు. ప్రతి వంతుకూ నియమం ఎంత సమయం ఇస్తే అంతా వాడుకున్నాడు. కార్డులు లెక్కపెట్టుకున్నాడు. ఆలోచించాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తప్పేమీ చేయలేదు. పావుగంట దాటింది, అరగంట దాటింది. ఆమె మెడ వాలిపోతుంటే మరదలు వెనకనుంచి అరచెయ్యి ఆనించింది. చూపుడువేలు బల్ల మీద చచ్చుబడి పడి ఉంది.

నలభై ఏడో నిమిషంలో గుమస్తాకు మూడు ప్రాణాలు, ఆమెకు నాలుగు. స్టాండులో రెండు కార్డులున్నాయి, ఒకటి తోడేలు, రెండోది కొరివి. కొరివి వేస్తే ఆట అయిపోతుంది.

ఆమె నోరు తెరిచింది. "ఒ... ఒయ్యి" అని వచ్చింది.

రిఫరీ వంగాడు. "ఏమన్నారమ్మా?"

"ఒయ్యి."

"నాకు అర్థం కాలేదండీ" అన్నాడు గుమస్తా మెత్తగా. "తోడేలు అన్నట్టు వినపడింది."

మాట తడబడటం వారం నుంచీ ఉంది. అలసట అనుకున్నారు ఇంట్లో. ఇంత పూర్తిగా పోవడం అదే మొదలు, అదీ నలభై మంది ముందర. రిఫరీ మంచివాడు, బతిమాలుతున్నట్టు అన్నాడు. "రెండు కార్డులున్నాయమ్మా, నేను ఊహించి చెప్పకూడదు. ఇంకొక్కసారి చెప్పండి." ఆమె కళ్లు కొరివి మీదే ఉన్నాయి. మరదలి వేళ్లు ఆ కార్డుకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. పెదవి కొరుక్కుని నిలబడింది.

ఆమె వంతు సమయం అయిపోయింది. గుమస్తా తన వంతులో రెండు ప్రాణాలు తీశాడు. ఆటకిచ్చిన యాభై నిమిషాలూ ముగిసినట్టు గంట మోగింది. మూడు, రెండు. ఎక్కువ ప్రాణాలున్నవాడిదే గెలుపు.

అప్పుడామెకు నవ్వొచ్చింది. పెద్దగా, పగలబడి నవ్వింది, ఆపుకోలేకపోయింది. ఓటమిని ఎంత తేలిగ్గా తీసుకుందో అని జనం చప్పట్లు కొట్టారు. ఆ నవ్వు కూడా జబ్బులో భాగమేనని, ఏడుపు రావాల్సిన చోట అలా వస్తుందని, ఆ హాల్లో మరదలికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె తలను తన పొట్టకు అదుముకుని, నవ్వు తగ్గేదాకా అలాగే నిలబడింది.

తరవాతి మెట్లన్నీ డాక్టరు చెప్పిన వరసలోనే వచ్చాయి. మాట పోయింది. మింగడం పోయి పొట్టకు గొట్టం వేశారు. అక్షరాలు రాసిన అట్ట మీద మరదలు వేలు నడిపిస్తే, కావలసిన అక్షరం దగ్గర ఆమె రెప్ప వేసేది. ఒక్క వాక్యానికి పది నిమిషాలు.

ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకమ్మాయి ఆ కట్టతోనే పెద్ద పోటీ గెలిచిందని షాపాయన ఫోన్ చేశాడు. కట్ట వివరం పంపించాడు. అరవైలో యాభై ఆరు కత్తెరక్క కట్టలోవే. ఒక రకం తోడేళ్లు నాలుగు తీసి, ఇంకేవో గద్దలు వేసింది. మరదలు కార్డుల పేర్లన్నీ చదివి వినిపించింది. ఆమె రెప్పలు వేసింది. త, ప్పు. కాస్త ఆగి మళ్లీ వేసింది. గ, ద్ద, లు, ఆ, ల, స్యం.

"మరి గెలిచింది కదే వదినా ఆ పిల్ల!"

అ, దృ, ష్టం.

మరదలు నవ్వింది. ఆ సాయంత్రం రెండు కట్టలూ పక్కపక్కన పేర్చి, తనకు తనే ఎదురుగా కూర్చుని పన్నెండు ఆటలు ఆడి చూసింది. గద్దలవి ఏడు గెలుపులు, తోడేళ్లవి అయిదు. ఆ లెక్క వదినకు చెప్పలేదు. కానీ వదిన మంచం మీంచి అన్నీ చూస్తూనే ఉంది, తెలివికి ఏమీ కాలేదు కదా. కళ్లు మూసుకుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఊపిరి ఆగింది. కఫం తీసే మిషన్ ఆన్‌లోనే ఉంది. మరదలు గొట్టం పట్టుకునే ఉంది. తమ్ముడు ఏదో భవనంలో లిఫ్టు పైకప్పు మీద ఉన్నాడు. ఫోన్ అందక, కబురు చేరడానికి గంటంపావు పట్టింది. వచ్చి, అక్క కుడిచేతి చూపుడువేలు పట్టుకుని కూర్చుండిపోయాడు.

నెల తరవాత అతను షాపుకు వెళ్లాడు. గెలిచిన కట్టల వివరాలు గోడకు అంటించి ఉన్నాయి. దూకుడు కట్ట పైన ఆ అమ్మాయి పేరు, ఫొటో.

"ఇది మా అక్కది" అన్నాడు.

"తెలుసు బాబూ. నాకు తెలీదా?"

"మరి రాయొచ్చు కదా."

షాపాయన నొచ్చుకుని, పెన్ను తీసి, ఆ కాగితం అడుగున ఆమె పూర్తి పేరు గుండ్రటి అక్షరాలతో రాశాడు. తమ్ముడు తలెత్తి చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు, "రాయించాను" అని. అక్క పోయాక అతను కడుపునిండా తిన్నది ఆ పూటే.

పది రోజులకు మరదలు అటువైపు ఒక జాకెట్ ఇవ్వడానికి వెళ్లి షాపులోకి తొంగి చూసింది. కొత్త పోటీ ఏదో అయినట్టుంది. గోడ మీద వదిన పేరున్న కాగితం తీసేసి కొత్తది అంటించారు. కొత్త కట్ట, కొత్త పేరు, కొత్త ఫొటో. షాపాయన ఎవరికో బేరం చెబుతూ ఆమెను చూడలేదు. ఆమె పలకరించకుండా వెనక్కి తిరిగింది.

తమ్ముడు ఆ వీధికి మళ్లీ వెళ్లలేదు. ఆమె ఆ సంగతి చెప్పనూ లేదు.