ముందు అడగాల, తర్వాత దిద్దాల

గత గురువారం పొద్దున్న చీపురుపల్లి నుంచి ఫోను. మా ఇంగ్లీషు టీచర్ గారు పోయారు. ఇంకో పది నిమిషాల్లో నా క్లాసు. గజపతినగరంలో మా కిరాణా కొట్టు మీది గదిలో కూర్చుని, కంప్యూటర్లో కొరియా వాళ్లకు ఇంగ్లీషు చెబుతాను. ఆ ఇంగ్లీషు ఆవిడ పెట్టిందే.

బడిలో ఆవిడ మా పుస్తకాలు పెన్సిల్‌తోనే దిద్దేవారు. "ఎర్ర సిరా ఎడితే తప్పొక్కటే కనబడతాది" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నర్సు చదువుతున్న ఒక కొరియా అమ్మాయి "ఐ యామ్ డిసప్పాయింటింగ్" అంది. వాళ్లు తరచూ తడబడే మాటే అది. ఆశాభంగం కలిగించేది డిసప్పాయింటింగ్, అది కలిగిన మనిషి డిసప్పాయింటెడ్. వెంటనే దిద్ది, మూడుసార్లు పలికించాను. నాలుగోసారికి ఆ పిల్ల కెమెరా ఆపేసి వెళ్లిపోయింది.

ఆ పిల్ల ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. మర్నాడే చీపురుపల్లి పరుగెత్తాను. టీచర్ గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"ఏటే, మొకం అలాగున్నాది?"

చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి.

"ఆ పిల్ల తప్పు సెప్పిందని నీకెవులు సెప్పినారు? తన వల్ల ఎవులైనా మనసు సిన్నబుచ్చుకున్నారేమో. ముందు ఏటైందో అడగాల, తర్వాత దిద్దాల." మళ్లీ ఈనె తీస్తూ, "నేనూ సానామందిని అడక్కుండానే దిద్దీసినాను" అన్నారు.

మరుసటి క్లాసుకు ఆ అమ్మాయి రాదేమో అనుకున్నాను. ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగాను. పరీక్ష తప్పిందట. వాళ్లమ్మ మాట్లాడటం మానేసిందట. ఆ పిల్ల అన్న మాటలో తప్పేమీ లేదు. తన వల్లే అమ్మకు ఆశాభంగం కలిగిందనుకుంటోంది. అప్పుడు నెమ్మదిగా రెండో మాట నేర్పాను: అమ్మా డిసప్పాయింటెడ్, నువ్వూ డిసప్పాయింటెడ్. ఆ పిల్ల ఏడ్చి, పుస్తకంలో రాసుకుంది. ఇప్పటికీ నా దగ్గరే చదువుతోంది.

పోవడానికి వారం ముందు టీచర్ గారు ఫోన్ చేశారు. "ఆదివారం ఓసారి వస్తావేటే?" గొంతు నీరసంగా ఉంది. నేను ఏమైందని అడగలేదు. క్లాసులున్నాయి, వీలైతే వస్తానన్నాను. వెళ్లలేదు.

గురువారం వెళ్లేసరికి ఇంటినిండా జనం. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆదివారం మద్దేనం నుంచి వరండాలో రెండు కుర్సీలేయించుకుని కూకున్నారమ్మా. పొద్దుగూకినా తియ్యనియ్యలేదు."




కుర్చీలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకటి వీధి వైపు తిరిగి ఉంది.