నొప్పి దాచని గుర్రం

మలయ్ దేశానికి మెర్డేకా, అంటే స్వతంత్రం, దగ్గర పడుతున్న రోజుల్లో నేను క్లాంగ్ అవతల ఒక రబ్బరు తోటలో దొరగారి గుర్రాలు చూసుకునేవాణ్ణి. స్వతంత్రం వచ్చేలోపు దొర అన్నీ అమ్ముకుని వెళ్లిపోదామనుకున్నాడు. తన ఎర్ర గుర్రానికి కౌలాలంపూర్ పోటీలో బహుమతి వస్తే మంచి ధర పలుకుతుందని ఆయన ఆశ. అది ఆడ గుర్రం. దాని నడకే అందం, వీపు మీద నీళ్లగ్లాసు పెట్టినా తొణకదనిపించేది. పోటీకి అది చాలదట. ముందుకాళ్లు ఛాతీ దాకా లేవాలట. అందుకోసం అమెరికా నుంచి ఒక శిక్షకుణ్ణి రప్పించాడు.

ఆయన పద్ధతి ఇది. గిట్టకు కాస్త పైన, చర్మం పలచగా ఉండే చోట, ఆవనూనెలో కిరసనాయిలు, ఇంకా ఏదో మందు కలిపి రుద్దించి గుడ్డ చుట్టించేవాడు. తెల్లారేసరికి అక్కడ చర్మం ఉడికినట్టయ్యేది. దాని మీద ఇనుప గొలుసు వదులుగా తగిలించి నడిపించేవాడు. అడుగు పడినప్పుడల్లా గొలుసు పుండును కొట్టేది. గుర్రం కాలు చటుక్కున పైకి లాక్కునేది. చూడవచ్చిన దొరలు, దొరసానులు దాన్ని ఠీవి అనేవారు.

రుద్దమని నాకు చెప్పాడు. రుద్దనన్నాను. ఆ పని మా మావ మీద పడింది. మావ మా అమ్మ తమ్ముడు, లాయంలో నాకంటే పాత మనిషి. నన్ను పనిలో పెట్టించింది కూడా ఆయనే.

"నువ్వు రుద్దకపోతే దానికి నొప్పి తగ్గిపోతాదేటి?" అన్నాడు మావ. "నీ కూడు పోతాది. దాని నొప్పి ఉండిపోతాది."

మాట నిజమే. ఆ ఆదివారం సైకిలెక్కి క్లాంగ్ లైబ్రరీకి వెళ్లాను.

నా బడి చదువు కొంచెమే. తెలుగు మా అమ్మ నేర్పింది, ఇంగ్లీషు నిఘంటువు నేర్పింది. ఆ లైబ్రరీలో లాయం వాసనతో కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ పుస్తకం ఎవరికని బల్ల దగ్గరి గుమాస్తా అడిగితే, "నాకే" అని కావాలనే గట్టిగా చెప్పేవాణ్ణి. పశువైద్యం పుస్తకంలో ఆ పుండ్ల సంగతి చదివి, ఇలాగే సాగితే గుర్రం కుంటిదవుతుందని దొరకు చెప్పాను. ఆయన నవ్వాడు. "చదువుకుంటున్నావా, మంచిది. వెళ్లి లాయం కడుగు."

పోటీలో న్యాయనిర్ణేత ప్రతి గుర్రం కాలూ నొక్కి చూస్తాడు. పుండుంటే గుర్రం కాలు లాక్కుంటుంది, మోసం బయటపడుతుంది. దానికీ శిక్షకుడి దగ్గర విరుగుడు ఉంది. పొద్దున్నే నన్ను న్యాయనిర్ణేతలా వంగి కాలు నొక్కమనేవాడు. తను బెత్తంతో గుర్రం తల దగ్గర నిలబడేవాడు. అది కాలు కదిపితే ముక్కు మీద కొట్టి "దియామ్!" అని అరిచేవాడు. నోరు మూసుకొమ్మని. ఆయనకు వచ్చిన మలయ్ అదొక్కటే. కొన్నాళ్లకు గుర్రం కళ్లు తేలవేసేది గాని కాలు కదిపేది కాదు.

మాకూ అది అలవాటైన పాఠమే. కమ్యూనిస్టు గెరిల్లాలను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ముగియలేదు. మా ఇళ్ల వరస చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. అడవిలోని గెరిల్లాలకు చేరుతుందని తిండి ఏదీ బయటికి పోనిచ్చేవారు కాదు. ఒళ్లంతా తడుముతుంటే ఆడవాళ్లు కూడా కదలకుండా నిలబడేవారు.

తర్వాతి ఆదివారం జంతువుల శిక్షణ మీద ఒక పుస్తకం దొరికింది. ఏ పని చేశాక మేలు జరుగుతుందో జంతువు ఆ పనే మళ్లీ చేస్తుందని అందులో నాకు అర్థమైంది. శిక్షకుడు దెబ్బతో నేర్పినదాన్ని నేను బెల్లంతో మరిపించవచ్చు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోయే వేళ గుర్రం ముందు గొంతుక్కూర్చుని, పుండుకు కాస్త పైన వేలితో తాకేవాణ్ణి. కాలు రవ్వంత కదిపినా బెల్లం ముక్క. లాయం కంచెకు బయట ఉండేది. బెల్లం తలగుడ్డ మడతలో దాచి గేటు దాటించేవాణ్ణి. పట్టుబడితే జైలు. మొదట్లో గుర్రం బెత్తం ఎక్కడుందోనని చుట్టూ చూస్తూ వణికేది. తర్వాత తర్వాత వేలు తగలగానే కాలు ఎత్తసాగింది.

ఒక రోజు మావ చూశాడు.

"ఏటి సేస్తన్నావు?"

"ముట్టుకుంటే కాలు లాక్కోమని సెప్తన్నాను."

"సదివి సదివి గుర్రానికి మేష్టరైపోనావేటి! రేపు జడ్జీ ముందర ఎత్తినాదనుకో, మనిద్దరం రోడ్డు మీదే."

"నీ పేరు రాదు మావా. నానే సేసినానని సెప్తాను."

"బెల్లం ఎలగ తెచ్చినావో అది కూడా సెప్తావేటి, ఈరుడా?" మావ బయటికి తొంగి చూశాడు. "నాను గుమ్మం కాడుంటాను. బేగి కానీ."

పోటీ నాడు శిక్షకుడు పుండ్ల మీద నల్ల బూటు పాలిష్ పూసి, తనే సవారీకి ఎక్కాడు. కళ్లెం నేను పట్టుకున్నాను. న్యాయనిర్ణేత వంగి కాలు నొక్కాడు. గుర్రం కాలు లాక్కుంది. రెండో కాలు నొక్కాడు. అదీ లాక్కుంది. ఆయన జేబురుమాలు తీసి తుడిస్తే పాలిష్ ఊడివచ్చి ఎర్రటి పుండు కనిపించింది. అందరి ముందూ గుర్రాన్ని బయటికి పంపేశాడు.

లారీ దగ్గర శిక్షకుడు నా మీదికీ, అక్కడే ఉన్న మావ మీదికీ వచ్చాడు. "దానికి ఒంట్లో బాగోలేదు దొరా," అని మావ మొదలుపెట్టాడు. నేను అడ్డుపడి, ఇంగ్లీషులోనే చెప్పాను. "నేనే నేర్పాను. పుండు మీరు చేసిందే. దాచవద్దని గుర్రానికి నేను చెప్పాను." బెత్తం ఎత్తాడు. నేను పక్కకు జరగలేదు. చుట్టూ జనం ఉన్నారు, దించాడు.

సాయంత్రానికి నా పని పోయింది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశానని మావాళ్లు అన్నారు. అననీ. ఆ ఉప్పు నా కష్టానికి వచ్చింది.

క్లాంగ్‌లో ఒక సామాన్ల గోదాములో చేరాక మావ చూడవచ్చాడు. ఆ కాళ్లు చూశాక గుర్రాన్ని కొనడానికి ఎవరూ రాలేదట. దొర శిక్షకుణ్ణి పంపేశాడట. గొలుసులు తీసేసి దాన్ని గడ్డిలోకి వదిలేశారట.

"పుండ్లు మానినాయి," అన్నాడు. "బొచ్చు మాత్రం రాలేదు. ఇప్పుడు దాని కాలు ఎవుడు ముట్టుకున్నా తన్నేస్తంది. మొన్న నన్నే తన్నినాది." పంచె పక్కకు తీసి తొడ మీద కమిలిన చోటు చూపించాడు.

"తన్ననీ మావా," అన్నాను.